సాకే చేతులకు శిక్షణ

‘ఫాస్టర్ పేరెంట్’ అన్న మాట ఇరవయ్యో శతాబ్దంలో రెండు దారుల్లో నడిచింది. ఒక దారిలో అది, దూరదేశంలో ఉండి, ముఖమైనా చూడని బిడ్డ తిండికీ చదువుకూ నెలనెలా డబ్బు పంపే దాతకు పేరైంది. రెండో దారిలో, కన్నవాళ్ల దగ్గర ఉండే వీలులేని బిడ్డను తన ఇంట్లోకి తెచ్చుకుని, కొంతకాలం సాకి, పరిస్థితి కుదుటపడ్డాక తిరిగి అప్పగించే మనిషికి పేరైంది. మొదటి అర్థంలో అంతర్జాతీయ సహకారం అనంతపురం సీమకు యాభై ఏళ్లకు పైగా పరిచయమే. రెండో అర్థంలో, అంటే సాకే మనిషికి ఆ పని నేర్పి, ఆ తర్వాత కూడా వెన్నుదన్నుగా నిలవడంలో, ప్రపంచం గడించిన అనుభవం తాడిమర్రి, ధర్మవరం, పెనుకొండ, హిందూపురం పల్లెలకు అరకొరగానే చేరింది. ఈ ప్రసంగం ఆ రెండో అర్థం గురించి.

తెలుగులో ఈ పనికి పాత మాట ఒకటి సిద్ధంగానే ఉంది. రాయలసీమ ఇళ్లలో ‘పెంచడం’తో పాటు ‘సాకడం’ అనే మాట నిత్యం వినిపిస్తుంది. ఆవును సాకుతారు, అక్క బిడ్డను సాకుతారు, చూపు తగ్గిన ముసలాయన్ను సాకుతారు; ఆ మాటలో హక్కు కంటే బాధ్యత ఎక్కువ, సొంతం చేసుకోవడం కంటే నిలబెట్టడం ఎక్కువ. చట్టం చెప్పే ఫాస్టర్ కేర్ కూడా ఇంచుమించు అదే. దత్తతలో కన్నవారితో చట్టపరమైన బంధం తెగిపోయి బిడ్డకు కొత్త ఇంటిపేరూ వారసత్వమూ వస్తాయి. ఫాస్టర్ కేర్‌లో అవేవీ మారవు, మారేది బిడ్డ అన్నం తినే చోటూ నిద్రపోయే చోటూ మాత్రమే. స్పాన్సర్‌షిప్ అనేది మూడోది: బిడ్డ ఉన్నచోటే ఉంటుంది, ఆ ఇంటికి డబ్బు సాయం అందుతుంది.

2016 జనవరి 15 నుంచి అమల్లోకి వచ్చిన 2015 నాటి బాలల న్యాయ చట్టం, 44వ సెక్షన్‌లో ఫాస్టర్ కేర్‌ను వివరంగానే చెప్పింది. బిడ్డను ఫాస్టర్ కుటుంబానికి అప్పగించే అధికారం బాలల సంక్షేమ సమితిది; అధ్యక్షుడో అధ్యక్షురాలో ఒకరు, సభ్యులు నలుగురు ఉండే ఈ సమితి జిల్లా స్థాయిలో పనిచేస్తుంది. కుటుంబాన్ని ఎంచుకునేటప్పుడు దాని స్తోమత, ఉద్దేశం, పిల్లల్ని పెంచిన అనుభవం చూడాలనీ, తోబుట్టువులను వీలైనంతవరకు విడదీయకూడదనీ, కన్నవారు వచ్చి బిడ్డను చూసిపోయే వీలుండాలనీ, సమితి నెలనెలా ఆ ఇంటిని తనిఖీ చేయాలనీ, ఖర్చుకు రాష్ట్ర ప్రభుత్వం నెలవారీ సొమ్ము ఇవ్వాలనీ ఆ సెక్షన్ చెబుతుంది. ఎంపిక ఉంది, తనిఖీ ఉంది, డబ్బు ఉంది. ఆ మూడింటి మధ్య ఉండవలసిన శిక్షణ అనే మాట మాత్రం ఆ సెక్షన్‌లో లేదు, దాన్ని మార్గదర్శకాలకు వదిలేశారు. చట్టం రాసినవారి మనసులో పిల్లల్ని సాకడం ఎవరికైనా సహజంగానే వస్తుందన్న భావం ఉండి ఉంటుందని ఈ మౌనాన్ని బట్టి అనుకోవలసి వస్తుంది.

ఆ భావం ఒక్క భారతదేశానిదే కాదు. అంతర్జాతీయ సహకారం మొదటి దారి పట్టడానికి, అంటే దాతల దారి పట్టడానికి, కారణం కూడా అదే అయి ఉండవచ్చు. 1936లో స్పెయిన్‌లో అంతర్యుద్ధం మొదలై వేలాది పిల్లలు ఇళ్లూ కన్నవాళ్లూ లేకుండా మిగిలిపోయినప్పుడు, జాన్ లాంగ్డన్-డేవిస్ అనే బ్రిటిష్ పాత్రికేయుడు ఎరిక్ మగ్గరిడ్జ్‌తో కలిసి 1937లో స్పెయిన్ పిల్లల కోసం ‘ఫాస్టర్ పేరెంట్స్’ పథకాన్ని ప్రారంభించాడు. ఒక దాతకు ఒక బిడ్డ, ఇద్దరి మధ్య ఉత్తరాలు, ఆ బిడ్డ పేరుతో డబ్బు: ఇదీ ఆ పథకం పనిచేసిన తీరు. ఆ సంస్థే తర్వాతి కాలంలో ప్లాన్ ఇంటర్నేషనల్‌గా ప్రపంచమంతా విస్తరించింది. అదే యుద్ధంలో కుర్రవాడిగా సైన్యంలో పనిచేసిన బార్సిలోనా మనిషి విన్సెంట్ ఫెర్రర్, జెసూట్ మత సన్యాసిగా 1952లో భారతదేశానికి వచ్చి, 1969లో అనంతపురం చేరి రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టును స్థాపించాడు. 1996లో స్పెయిన్‌లో ఏర్పడిన ఆయన పేరిటి ఫౌండేషన్ ద్వారా అక్కడి సామాన్య కుటుంబాలు ఈ జిల్లా పిల్లలకు దాతలుగా నిలిచాయి. బయటివారి సాయంతో బతికిన స్పెయిన్ పిల్లల దేశమే, రెండు తరాలు తిరిగేసరికి కరువు సీమ పిల్లలకు సాయం పంపే దేశమైంది.

ఈ సాయం ఫలితాలు కళ్ల ముందే ఉన్నాయి. తాడిమర్రికి దగ్గరలోనే ఉన్న బత్తలపల్లి ఆసుపత్రి ఆ ట్రస్టుదే. హెచ్‌ఐవీ సోకిన తల్లిదండ్రులకూ పిల్లలకూ అక్కడ చికిత్స అందింది, కన్నవాళ్లు పోయిన పిల్లల బాగోగులు చూసే పనినీ ఆ సంస్థ తలకెత్తుకుంది. అయితే విదేశీ సొమ్ము మీద నిలిచిన ఏర్పాటుకు ఒక బలహీనత తప్పదు. విదేశీ విరాళాల నియంత్రణ చట్టం కింద ఆ సంస్థ రిజిస్ట్రేషన్ పునరుద్ధరణ సమస్యగా మారినప్పుడు, 2025లో ఉమ్మడి అనంతపురం జిల్లాలో జనం వీధుల్లోకి వచ్చి ఆందోళన చేశారు. ఆ వివాదంలో తప్పొప్పులు ఈ ప్రసంగానికి సంబంధించినవి కావు. డబ్బు ఏదో ఒక రోజు సరిహద్దు దగ్గర ఆగిపోవచ్చు. ఒక తల్లి నేర్చుకున్న పని మాత్రం ఆమె ఇంట్లోనే ఉండిపోతుంది. అందువల్ల ఇకమీద బయటి దేశాల నుంచి అడిగి తెచ్చుకోవలసినవాటిలో శిక్షణ ముందు వరసలో ఉండాలి.

శిక్షణ విషయంలో దేశాలు ఒకదానినుంచి ఒకటి నేర్చుకోవడం మొదలై నలభై ఏళ్లు దాటింది. 1979లో ఆక్స్‌ఫర్డ్‌లో జరిగిన సదస్సు తర్వాత, 1981లో అంతర్జాతీయ ఫాస్టర్ కేర్ సంస్థ ఏర్పడింది. దాని సమావేశాల్లో ఆచార్యులతో పాటు పిల్లల్ని సాకినవారూ, ఫాస్టర్ ఇళ్లలో పెరిగినవారూ కూర్చుని మాట్లాడటం దాని ప్రత్యేకత. 1993లో అమెరికాలో ఇల్లినాయ్ రాష్ట్రమూ, ఆ దేశపు బాలల సంక్షేమ సంఘమూ కలిసి ‘ప్రైడ్’ అనే శిక్షణను రూపొందించాయి. మూడేసి గంటల తొమ్మిది సమావేశాలు, మొత్తం 27 గంటలు సాగే ఈ శిక్షణ నెదర్లాండ్స్‌, స్వీడన్‌, ఫిన్లాండ్‌ మొదలైన దేశాలకు వెళ్లి అక్కడి భాషల్లో స్థిరపడింది. బిడ్డను కాపాడి పోషించడం, ఎదుగుదలలో వెనకబాటును గుర్తించి సరిదిద్దడం, కన్నవారితో బిడ్డ బంధాన్ని నిలబెట్టడం, జీవితాంతం తోడుండే మనుషులతో బిడ్డను కలపడం, అధికారులతోనూ నిపుణులతోనూ జట్టుగా పనిచేయడం: ఈ ఐదూ అందులో నేర్పే నేర్పులు.

ఈ మాటలు కాగితం మీద పొడిగా కనిపిస్తాయి గాని, ఇంట్లో వాటి రూపం వేరు. కొత్తగా వచ్చిన ఎనిమిదేళ్ల పిల్ల, రాత్రి కడుపునిండా తిన్న తర్వాత కూడా, రాగిసంగటి ముద్దలో సగం కాగితంలో చుట్టి పుస్తకాల సంచి అడుగున దాచుకుందనుకుందాం. రెండు రోజులకు అది పులిసి వాసన వస్తుంది. తెలియని ఇల్లాలు దాన్ని దొంగబుద్ధి అనుకుని నలుగురిలో అడుగుతుంది, పిల్ల ముడుచుకుపోతుంది. శిక్షణ పొందిన ఇల్లాలు మాత్రం అది గతంలో పడిన ఆకలి మిగిల్చిన భయమని గ్రహించి, ఏమీ అనకుండా ఒక చిన్న డబ్బాలో వేరుశనగ చిక్కీలో, మరమరాలో పోసి, ‘ఇది నీ డబ్బా, ఎప్పుడైనా తీసుకోవచ్చు’ అని పిల్లకు అందే ఎత్తులో పెడుతుంది. కొన్ని వారాలకు సంచిలో ముద్ద కనిపించడం మానేస్తుంది. పక్క తడపడం, తలుపు గడియ పడగానే ఏడవడం, కొత్త బట్టలు తొడగనివ్వకపోవడం, ‘అమ్మా’ అని పిలవమంటే మొండికేయడం, ఇలాంటివన్నీ శిక్షణలో ఒక్కొక్కటిగా విప్పి చెప్పే సంగతులు. చివరిదానికి ఆ పాఠం ఇచ్చే జవాబు సులువైనది: పిలుపును బిడ్డే ఎంచుకోనివ్వాలి, ‘అత్తా’ అన్నా ‘పెద్దమ్మా’ అన్నా సాకే పనికి లోటు రాదు.

సాకిన తల్లి ప్రస్తావన వస్తే తెలుగువారికి యశోద గుర్తురాక మానదు. కాని ఈ సందర్భంలో యశోద పోలిక ఒక చోట కుంటుతుంది. కృష్ణుడు తాను కన్న బిడ్డేనని యశోద నమ్మింది. అక్రూరుడు రథం తెచ్చిన రోజు ఆమెకు ముందస్తు సూచన లేదు. ఫాస్టర్ తల్లికి ఆ రథం ఒకరోజు వస్తుందని మొదటినుంచీ తెలియాలి, తెలిసి కూడా బిడ్డను పూర్తిగా ప్రేమించగలగాలి, రథం కదిలిన మర్నాడు ఇల్లు బోసిపోతే ఆమెతో మాట్లాడే మనిషి ఉండాలి. ఇది సహజంగా ఎవరికీ రాదు. శిక్షణ మొత్తంలో కష్టమైన భాగం ఇదేనని చెప్పినా అతిశయోక్తి కాదు.

శిక్షణ, తోడ్పాటు ఉన్న ఫాస్టర్ కుటుంబం బిడ్డకు నిజంగా ఏమిస్తుందో గట్టిగా నిరూపించినది కూడా ఒక అంతర్జాతీయ ప్రయత్నమే. చార్లెస్ నెల్సన్, నేథన్ ఫాక్స్, చార్లెస్ జీనా అనే అమెరికా శాస్త్రవేత్తలు రుమేనియా రాజధాని బుకారెస్ట్‌లో 2000లో అధ్యయనం ప్రారంభించారు. అక్కడి అనాథ గృహాల్లో ఉన్న, ఆరు నెలల నుంచి 31 నెలల వయసు గల 136 మంది పిల్లలను చీటీలు తీసినట్టు రెండు భాగాలుగా చేసి, 68 మందిని 56 ఫాస్టర్ కుటుంబాలకు ఇచ్చారు, మిగిలిన 68 మందికి అప్పటిదాకా నడిచిన ఏర్పాటే కొనసాగింది. ఆ నగరంలో అప్పటికి ఫాస్టర్ కేర్ దాదాపు వాడుకలో లేదు. కుటుంబాలను వెతకడం, నేర్పడం, ఇళ్లకు వెళ్లి పలకరించడం అన్నీ రుమేనియా సామాజిక కార్యకర్తలే చేశారు, న్యూ ఆర్లియన్స్ నుంచి నిపుణులు వారికి క్రమం తప్పకుండా సలహాలిచ్చారు. కుటుంబాల్లో పెరిగిన పిల్లల తెలివితేటలు, అనుబంధాలు మెరుగ్గా ఉన్నాయనీ, రెండేళ్లలోపు కుటుంబానికి చేరినవారు ఎక్కువ లాభపడ్డారనీ తేలింది. తెలివితేటలకు సంబంధించిన ఫలితాలు 2007లో ‘సైన్స్’ పత్రికలో వచ్చాయి. రుమేనియా కూడా 2004లో చేసిన చట్టంతో, తీవ్ర వైకల్యం ఉన్నవారు తప్ప రెండేళ్లలోపు పిల్లల్ని సంస్థల్లో ఉంచకూడదని నిర్ణయించింది.

ఈ అధ్యయనాన్ని మన ప్రాంతానికి ఉన్నదున్నట్టు అతికించడం పొరపాటు. మన దేశంలో చంటిబిడ్డలకు దత్తతే మొదటి మార్గం. ఫాస్టర్ కేర్ ప్రధానంగా ఆరేళ్లు దాటిన పిల్లల కోసం. ఆరేళ్లు దాటిన బిడ్డ జ్ఞాపకాలతో, అలవాట్లతో, కన్నవారి మీద ప్రేమతో, కోపంతో వస్తుంది. కనుక ఇక్కడ సాకేవారికి శిక్షణ అవసరం బుకారెస్ట్ కంటే ఎక్కువే గాని తక్కువ కాదు.

2009 డిసెంబరు 18న ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ ఆమోదించిన ప్రత్యామ్నాయ సంరక్షణ మార్గదర్శకాలు రెండు ప్రశ్నలను ముందు పెట్టాయి: బిడ్డను ఇంటినుంచి వేరు చేయడం నిజంగా అవసరమా, అవసరమైతే ఎంచుకున్న చోటు ఆ బిడ్డకు తగినదేనా. మొదటి ప్రశ్న దగ్గరే తాడిమర్రి లాంటి మండలం సంగతి తేలుతుంది. వానలు ముఖం చాటేసిన ఏళ్లలో భార్యాభర్తలు బెంగళూరుకో, కేరళకో పనికి పోతే పిల్లలు అవ్వాతాతల దగ్గర మిగులుతారు. ఉన్న ఊళ్లోనే కూలికి పోయినా ప్రాణానికి భరోసా లేదు. 2022 జూన్ 30న ఇదే మండలం చిల్లకొండయ్యపల్లి దగ్గర కూలీల ఆటో మీద కరెంటు తీగ పడి ఐదుగురు ఆడవాళ్లు సజీవదహనమయ్యారు. ఇలాంటి మరణాల తర్వాత పరిహారం సొమ్ము ప్రకటిస్తారు, అది అవసరమే. ఆ తర్వాత పిల్లల్ని సాకేది అవ్వో, మేనత్తో, పెద్దమ్మో. వీరెవరూ ఏ జాబితాలోనూ ఫాస్టర్ పేరెంట్లు కారు, కాని చేస్తున్నది ఆ పనే.

చట్టంలోని 45వ సెక్షన్ ఇలాంటి ఇళ్లకే స్పాన్సర్‌షిప్ చెప్పింది: తల్లి వితంతువైనా, భర్త విడిచిపెట్టినా, కన్నవారికి ప్రాణాంతక వ్యాధి ఉన్నా, ప్రమాదంలో పనికి రాకుండా పోయినా, బిడ్డ అనాథై బంధువుల దగ్గర పెరుగుతున్నా సాయం అడగవచ్చు. కేంద్ర పథకం మిషన్ వాత్సల్య కింద అది బిడ్డకు నెలకు 4,000 రూపాయలు. పల్లెల్లో కుటుంబ వార్షికాదాయం 72,000 రూపాయలు దాటకూడదు. డబ్బుతో పాటు ఆ అవ్వకు రెండు గంటల శిక్షణ కూడా అందాలి. డెబ్బై ఏళ్ల అవ్వకు పిల్లల్ని సాకడం ఎవరు నేర్పాలి అని నవ్వేవారు ఉంటారు. అయితే కూతురు పోయిన దుఃఖంలో ఉన్న అవ్వకు, తల్లి పోయిన దుఃఖంలో ఉన్న పిల్లకు మధ్య ఆ ఇంట్లో మాట ఎలా నడవాలో ఆమెకు ఎవరూ ఎప్పుడూ చెప్పలేదు. ‘అమ్మ ఊరికి పోయింది, వస్తుంది’ అని చెప్పి ఏళ్లు గడిపే ఇళ్లు ఉన్నాయి. చనిపోయిన సంగతి బిడ్డ వయసుకు తగిన మాటల్లో చెప్పాలన్నది ఈ శిక్షణలన్నీ చెప్పే మాట.

విదేశీ పాఠ్యక్రమాన్ని అనువదించి పంచితే సరిపోదనడానికి ధర్మవరం మగ్గం మంచి నిదర్శనం. పట్టుచీర నేసే ఇంట్లో మగ్గం గుంట, వంటిల్లు, పడక అన్నీ పక్కపక్కనే ఉంటాయి. అమ్మ కండెలు చుడుతుంటే పిల్లలు కూడా చెయ్యేయడం ఆ ఇళ్లలో మామూలు. బాల కార్మిక చట్టానికి 2016లో చేసిన సవరణ, బడి వేళలు అయ్యాక ప్రమాదకరం కాని కుటుంబ పనిలో బిడ్డ సాయం చేయడాన్ని ఒప్పుకుంది. అయితే అక్కడ కుటుంబం అంటే తల్లి, తండ్రి, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, తల్లి తోబుట్టువులు, తండ్రి తోబుట్టువులు మాత్రమే. ఫాస్టర్ తల్లిదండ్రులు ఆ లెక్కలో లేరు, అవ్వాతాతలూ లేరు. కుటుంబ పనిలో కన్నబిడ్డకు ఒక న్యాయం, సాకుడు బిడ్డకు ఇంకో న్యాయం. ఈ తేడా వెనక అర్థముంది, ఎందుకంటే పనికోసమే అనాథ బిడ్డను తెచ్చుకునే ఇళ్లు ఏ కాలంలోనైనా ఉంటాయి. కాని మంచి మనసుతో బిడ్డను తెచ్చుకున్న నేతకారుడికి ఈ సంగతి ముందే చెప్పకపోతే తప్పు ఎవరిది? ఇల్లినాయ్‌లో రాసిన పాఠంలో మగ్గం గుంట ఉండదు. ఆ అధ్యాయం ధర్మవరంలోనే రాసుకోవాలి.

శిక్షణ ముగిశాక మొదలయ్యే తోడ్పాటు విషయంలో బయటి ఆలోచన ఒకటి మాత్రం ఇక్కడ ఇట్టే ఇమిడిపోతుంది. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో 2004లో మొదలై, 2015లో బ్రిటన్ చేరిన ‘మాకింగ్‌బర్డ్’ పద్ధతిలో ఆరు నుంచి పది ఫాస్టర్ కుటుంబాలకు మధ్యలో ఒక అనుభవజ్ఞురాలి ఇల్లు ఉంటుంది. సాకి సాకి అలిసిన తల్లి బిడ్డను ఒకట్రెండు రాత్రులు అక్కడ ఉంచి ఊపిరి పీల్చుకోవచ్చు, పిల్లలంతా అక్కడ కలుసుకుని ఆడుకోవచ్చు. తెలుగు పల్లెలో ఇది కొత్త కాదు, దీని పేరు పెద్దమ్మ ఇల్లు. స్వయం సహాయక సంఘాల మహిళలు నెలనెలా పొదుపు లెక్కలకు కూర్చునే చోటే, అంగన్‌వాడీ కార్యకర్త తోడుగా, సాకే ఇళ్లవారు కూడా ఒక గంట కూర్చోవచ్చు. వారి వల్ల కాని సంగతులకు నిపుణులు మరీ దూరంలో లేరు: హిందూపురానికి సుమారు వంద కిలోమీటర్ల దూరంలో బెంగళూరు నిమ్‌హాన్స్ ఉంది, పిల్లల సంరక్షణ సిబ్బందికి శిక్షణ ఇచ్చే ‘సంవాద్’ కార్యక్రమం అక్కడిదే. ఆ శిక్షణ జిల్లా సిబ్బంది దగ్గర ఆగకుండా, తెలుగులో, రాయలసీమ మాటల్లో, సాకే తల్లి దాకా రావాలి.

సహకారం అంటే ఎప్పుడూ పడమటి దేశాలు నేర్పడం, మిగిలినవారు నేర్చుకోవడం కాదు. బంధువుల మధ్య కూర్చుని బిడ్డ సంగతి తేల్చే మావోరీ జనుల పద్ధతిని న్యూజీలాండ్ 1989లో చట్టంలోకి తెచ్చింది. ఆ తర్వాత ఎన్నో దేశాలు ఆ పద్ధతిని అనుసరించాయి. మేనమామ, పెద్దనాన్న, ఊరి పెద్దలు చేరి తల్లి లేని బిడ్డను ఎవరు సాకాలో తేల్చే వాడుక సీమ పల్లెల్లో ఉన్నదే. ఆ వాడుకలోని మంచిచెడ్డలను ఎవరైనా శ్రద్ధగా రాసి పెడితే, ఆక్స్‌ఫర్డ్‌లో మొదలైన ఆ సదస్సులకు తాడిమర్రి కూడా ఒక పాఠం పంపగలదు.

ఇక మన దేశం సంగతికి వస్తే, ఫాస్టర్ కేర్ మీద 2024లో కేంద్రం తెచ్చిన కొత్త మార్గదర్శకాల ప్రకారం పెళ్లికానివారు, జీవిత భాగస్వామిని కోల్పోయినవారు, విడిపోయినవారు కూడా 35 నుంచి 60 ఏళ్ల మధ్య వయసులో ఫాస్టర్ పేరెంట్లు కావచ్చు. ఒంటరి పురుషుడికి మగబిడ్డనే అప్పగిస్తారు. రెండేళ్లు సాకిన తర్వాత దత్తతకు అడిగే వీలూ ఉంది, ఇదివరకు ఆ గడువు ఐదేళ్లు. ముందుకు రాదలచిన కుటుంబాలు శ్రీ సత్యసాయి జిల్లా బాలల పరిరక్షణ విభాగాన్ని కలిసి, అర్హతల వివరాలతో పాటు శిక్షణ ఎప్పుడిస్తారో, ఎవరిస్తారో కూడా అడగాలి. ఇప్పటికే మనవణ్నో మేనకోడల్నో సాకుతున్నవారు స్పాన్సర్‌షిప్ దరఖాస్తు ఇచ్చే రోజున అదే ప్రశ్న వేయాలి. ఆపదలో ఉన్న బిడ్డ కంటపడితే ఫోన్ చేయవలసిన నంబరు 1098. ఆ ఫోనుకు డబ్బులు పడవు.